బ్రేక్ లైటు వెలగట్లేదా? బల్బు మార్చే ముందు ఎర్త్ వైరు చూడండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో బ్రేక్ లైటు గురించి అడిగినవే ఎక్కువ, అందులోనూ పదిహేనేళ్లు దాటిన బళ్ల వాళ్లే ఎక్కువ, అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశాం. హెడ్‌లైటు పోతే మనకి వెంటనే తెలుస్తుంది, హారన్ పోయినా తెలుస్తుంది, బ్రేక్ లైటు పోతే మాత్రం వెనక వచ్చేవాడికి తప్ప మనకి తెలీదు, ఎవరో సిగ్నల్ దగ్గర అద్దం కొట్టి చెప్పేదాకా అలాగే తిరిగేస్తుంటాం. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లే రోజుల్లో పంతంగి టోల్ ప్లాజా దగ్గర బండి వెనక బండి అంటుకుపోయి నడుస్తుంటాయి కదా, అక్కడ ముందు బండికి బ్రేక్ లైటు లేకపోతే ఏమవుతుందో ఒక్కసారి ఊహించుకోండి.

ప్రశ్న: నమస్తే సార్. నాది 2004 మారుతి 800, నాన్నగారు కొన్న బండి, అమ్మబుద్ధి కాక ఉంచుకున్నాం. కొన్నాళ్ల నుంచి కుడి పక్క బ్రేక్ లైటు సరిగ్గా రావట్లేదు. బ్రేక్ నొక్కితే ఎడమది బాగానే వెలుగుద్ది, కుడిది సన్నగా వెలుగుద్ది. ఇండికేటర్ వేసి బ్రేక్ నొక్కితే దాంతో పాటు ఇది కూడా కొట్టుకుంటది. మెకానిక్ బల్బులు మార్చాడు, పెడల్ దగ్గర స్విచ్చి మార్చాడు, ఇప్పుడేమో వైరింగ్ మొత్తం మార్చాలంటున్నాడు. నిజంగా మార్చాలా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దండి, వైరింగ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. ఎడమ లైటు బాగా వెలుగుతోందంటే ఫ్యూజు బాగున్నట్టే, పెడల్ దగ్గర స్విచ్చి బాగున్నట్టే, స్విచ్చి నుంచి వెనక దాకా వచ్చే మెయిన్ వైరు కూడా బాగున్నట్టే, ఎందుకంటే రెండు లైట్లకీ కరెంటు ఒకటే దారిలో వెనక దాకా వచ్చి అక్కడ చీలుతుంది. కాబట్టి ఆ స్విచ్చి మార్చాల్సిన పనే లేదు. తప్పు కుడి లాంపు దగ్గరే ఉంది, ఇండికేటర్‌తో పాటు కొట్టుకుంటోంది అన్నారు చూడండి, ఆ ఒక్క మాటతో అది ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి, అని దాదాపు తేలిపోయింది.

వెనక లాంపులో బ్రేకు, పార్కింగు, ఇండికేటరు, ఇన్నిటికీ ప్లస్ వైర్లు వేరువేరుగా వస్తాయి గానీ తిరిగి బ్యాటరీ మైనస్‌కి వెళ్లే దారి మాత్రం అన్నిటికీ ఒకటే, మారుతీల్లో మామూలుగా ఒక నల్ల వైరు, దాన్ని బాడీ రేకుకి స్క్రూతో బిగించి ఉంటారు. ఆ స్క్రూ కింద రేకు తుప్పు పట్టినా, హోల్డరులో చిలుము పట్టినా ఆ దారి మూసుకుపోతుంది. మీ బండిలో బ్రేకుకీ పార్కింగుకీ కలిపి ఒకటే బల్బు, 12 వోల్టుల 21/5 వాట్లది, లోపల రెండు ఫిలమెంట్లుంటాయి, 21 వాట్లది బ్రేకుకి, 5 వాట్లది పార్కింగుకి, రెండిటికీ ఎర్త్ ఆ బల్బు ఇత్తడి ఒంటి నుంచే. ఆ ఎర్త్ అందకపోతే బ్రేక్ కరెంటు పెద్ద ఫిలమెంటులోంచి వచ్చి చిన్న ఫిలమెంటు గుండా ఎదురెళ్లి, పార్కింగ్ వైరు పట్టుకుని, ఎడమ పక్క పార్కింగ్ బల్బు, నంబర్ ప్లేట్ బల్బు, మీటర్ లైట్లు, ఇట్లా ఎక్కడ ఎర్త్ దొరికితే అక్కడికి పోతుంది. అన్ని ఫిలమెంట్లు దాటి పోవాలి కాబట్టి ఏదీ సరిగ్గా వెలగదు, అందుకే మీకు సన్నగా కనపడుతోంది.

దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. రాత్రి పూట హెడ్‌లైట్లు, పార్కింగ్ లైట్లు అన్నీ ఆపేసి బ్రేక్ ఒక్కటే నొక్కమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. నంబర్ ప్లేట్ లైటో మీటర్ లైటో సన్నగా వెలిగిందంటే ఇంక అనుమానం అక్కర్లేదు. తర్వాత ఒక వైరు ముక్క రెండు చివర్లా ఒలిచి, ఒక చివర కుడి లాంపు హోల్డరు ఇత్తడికి తాకించి, రెండో చివర పెయింటు గీకిన ఏదైనా బాడీ బోల్టుకి గట్టిగా అదిమి పట్టండి, లైటు ఒక్కసారిగా ఎడమదానిలా మండిందంటే మీ జబ్బు దొరికినట్టే.

ఇంక రిపేరు. ఎర్త్ స్క్రూ విప్పి, కింద రేకుని ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దండి, వైరు చివరి లగ్గు పచ్చగా చిలుము పట్టి ఉంటే కత్తిరించేసి కొత్తది వెయ్యండి, పళ్ల వాషరు పెట్టి గట్టిగా బిగించి పైన కాస్త గ్రీజు గానీ వాజలైను గానీ పూయండి. బిగించాక పైన పూయాలి, మధ్యలో కాదు. హోల్డరు లోపల కూడా రుద్దండి, అడుగున ఉండే రెండు పిన్నులు నొక్కితే స్ప్రింగులాగా పైకి రావాలి, అవి అణిగిపోయి ఉంటే బల్బుకి తాకవు. హోల్డరు రేకు మరీ గుల్లబారిపోతే దాని ఒంటికే ఒక కొత్త వైరు టంకం పెట్టించి ఆ వైరుని బాడీకి వేయించుకోండి, ఆటోనగర్‌లో ఏ ఎలక్ట్రీషియన్ అయినా కాసేపట్లో చేసిచ్చే పని. వైరింగ్ మొత్తం మార్చినా ఆ కొత్త నల్ల వైరుని తీసుకెళ్లి అదే తుప్పు రేకుకే బిగిస్తారు, అప్పుడు వేలు పోసినా లైటు మళ్లీ ఇలాగే ఉంటుంది, ఈ మాట మీ మెకానిక్‌కి కూడా మర్యాదగానే చెప్పండి.

మల్టీమీటరు ఉన్నవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోండి. బల్బు తీసేసి హోల్డరులో కొలిస్తే 12 వోల్టులు చూపిస్తుంది, వైరులో ఒక్క పోగు మిగిలున్నా చూపిస్తుంది, అది చూసి అంతా బాగుందని మోసపోతాం. బల్బు పెట్టి, బ్రేక్ నొక్కి పట్టి, బ్యాటరీ మైనస్‌కీ బల్బు ఇత్తడి ఒంటికీ మధ్య కొలవండి, 0.2 వోల్టు లోపు ఉంటే ఎర్త్ మంచిదే, ఒకటీ రెండూ వోల్టులు చూపిస్తే అక్కడే పోతోంది. ఒక్క వోల్టేగా అని వదలకండి, ఫిలమెంటు బల్బుకి వోల్టేజి పది శాతం తగ్గితే వెలుతురు ముప్పై శాతం దాకా పడిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ లైటు వెలిగిందో లేదో వెనకవాడికి తెలీదు.

ఇంకొకటి, బల్బు మార్చారన్నారు కాబట్టి చెప్తున్నా. ఈ రెండు ఫిలమెంట్ల బల్బుకి పక్కనుండే రెండు మొటిమలు ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి పైకి ఒకటి కిందకి ఉంటుంది, తిరగేసి పెట్టకుండా ఉండాలనే అలా చేశారు. అయినా కొంతమంది బలవంతంగా తిప్పి ఎక్కించేస్తారు, అప్పుడు పార్కింగ్ వేస్తే భగ్గున మండుతుంది, బ్రేక్ నొక్కితే నీరసంగా వెలుగుతుంది. మీది అలా లేదు గానీ ఒకసారి తీసి చూసుకోండి, లెన్సుకి పగులుంటే కూడా చూసుకోండి, వానలో నీళ్లు దిగి మళ్లీ ఆర్నెల్లకి అదే చిలుము మొదలవుతుంది.

ప్రశ్న: సర్, నేను డాలస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను, సీనియర్ దగ్గర 2003 హోండా సివిక్ ఆటోమేటిక్ కొన్నాను. నిన్నటి నుంచి కారు లాక్ చేసినా బ్రేక్ లైట్లు ఆఫ్ అవ్వట్లేదు, పొద్దున్నకి బ్యాటరీ డెడ్. డ్రైవర్ సీటు కింద మ్యాట్ మీద చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు కూడా కనపడ్డాయి. దీనికి సంబంధం ఉందా? షాపుకి వెళ్తే చాలా అడుగుతారేమోనని భయంగా ఉంది. – ఒక విద్యార్థి

జవాబు: సంబంధం ఉందమ్మా, ఆ ముక్కలే అసలు కారణం, దొరికినవి పారెయ్యకుండా ఉంచు. బ్రేక్ పెడల్ పైన ఒక చిన్న స్విచ్చి ఉంటుంది, పెడల్ వదిలినప్పుడు పెడల్ కాడ వచ్చి ఆ స్విచ్చి పుల్లని లోపలికి నొక్కి ఉంచుతుంది, నొక్కి ఉన్నంతసేపు లైటు ఆఫ్, పెడల్ తొక్కితే పుల్ల బయటికొచ్చి లైటు ఆన్. ఆ పుల్ల తగిలే చోట పెడల్ కాడకి ఒక రంధ్రం, ఆ రంధ్రంలో గుండీ అంత ప్లాస్టిక్ బిళ్ల ఉంటాయి. ఇరవై ఏళ్ల ఎండకీ చలికీ ఆ బిళ్ల పెళుసెక్కి పొడి అయిపోతుంది, అప్పుడు పుల్ల నేరుగా ఆ రంధ్రంలోకి దూరిపోతుంది, దాంతో స్విచ్చి నువ్వు ఎప్పుడూ బ్రేక్ తొక్కే ఉన్నావనుకుంటుంది. ఆ వయసు హోండాల్లో ఇది బాగా తెలిసిన సంగతే.

కింద రెండు బల్బులు, పైన మూడోది కలిపి సుమారు 5 ఆంపియర్లు లాగుతాయి, 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయితే ఎనిమిది తొమ్మిది గంటల్లో ఖాళీ, అంటే సరిగ్గా ఒక రాత్రి. కొత్త బిళ్లని బ్రేక్ పెడల్ స్టాపర్ ప్యాడ్ అని అడుగు, చాలా తక్కువ ధరకి దొరుకుతుంది, షాపు అవసరం లేదు, టార్చి పట్టుకుని తల కిందకి పెట్టి రంధ్రంలో నొక్కేస్తే కూర్చుంటుంది. అది వచ్చేదాకా ఆ రంధ్రంలో సరిపడా చిన్న బోల్టు పెట్టి వెనక నట్టు బిగించు, బోల్టు తల నున్నగా ఉన్నది చూసుకో, పెడల్ పూర్తిగా పైకి వస్తోందో లేదో చేత్తో లాగి చూడు.

బ్రేక్ ఫ్యూజు పీకేసి నడుపుదామని ఎవరన్నా చెప్తే వినకు. ఫ్యూజు తీస్తే లైట్లు అసలే ఉండవు, చాలా హోండాల్లో హారన్ కూడా అదే ఫ్యూజు మీద ఉంటుంది, పైగా ఆటోమేటిక్ కాబట్టి బ్రేక్ సిగ్నల్ అందకపోతే గేరు పార్క్ నుంచి కదలదు. రాత్రికి కారు ఆపి ఉంచాలంటే బ్యాటరీ మైనస్ తీసి పక్కన పెట్టు. అంతేగానీ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి కదా పర్లేదని ఫ్రీవే ఎక్కొద్దు, ఎప్పుడూ వెలిగే లైటుని చూసి వెనకవాడు నువ్వు నిజంగా ఆగుతున్నావని ఎలా తెలుసుకుంటాడు?

ప్రశ్న: అన్నా, నాది 2006 స్ప్లెండర్ ప్లస్. వెనుక బ్రేక్ తొక్కితే లైట్ ఒకసారి వస్తది ఒకసారి రాదు, వానల తిరిగినంక అయితే కాలు తీసినా అట్లనే వెల్గుతది. మొన్ననే వెనుక బ్రేక్ టైట్ చేయించిన. ఏం చెయ్యాలె? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, బ్రేక్ టైట్ చేయించినప్పుడు స్విచ్చిని కూడా సెట్ చెయ్యాలి, చాలామంది మెకానిక్‌లు అది వదిలేస్తారు. కుడి పక్క పెడల్‌కి పైన చిన్న నల్ల స్విచ్చి ఒకటి, దాన్నుంచి పెడల్ దాకా ఒక స్ప్రింగు ఉంటాయి చూడు, పెడల్ కిందకి పోతే స్ప్రింగు లాగుతుంది, అప్పుడు లైటు వస్తుంది. బురద, నీళ్లు పడి స్విచ్చి లోపలి పుల్ల బిగుసుకుపోతే కాలు తీసినా వెనక్కి రాదు, అదే నీకు వానలో అయ్యేది. ముందు స్ప్రింగు ఊడదీసి, పుల్లని చేత్తో లాగి వదులు, టక్కున వెనక్కి రావాలి, రాకపోతే తుడిచి కాంటాక్ట్ క్లీనర్ కొట్టు, అప్పటికీ బిగుసుకుంటే స్విచ్చి మార్చెయ్, పెద్ద ఖరీదేం కాదు. పెడల్ వెనక్కి లాగే స్ప్రింగు సాగిపోయిందేమో కూడా చూడు.

సెట్ చేసేటప్పుడు స్విచ్చి బాడీని తిప్పొద్దు, లోపల వైర్లు మెలిపడి తెగుతాయి. బాడీని వేళ్లతో పట్టుకుని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ నట్టు మాత్రమే తిప్పు, బాడీ పైకొస్తే లైటు తొందరగా వస్తుంది, కిందకి పోతే ఆలస్యంగా వస్తుంది. పెడల్‌కి 20 నుంచి 30 మిల్లీమీటర్ల ప్లే (బ్రేక్ పట్టేముందు పెడల్ ఊరికే కదిలే దూరం) ఉంచి, బ్రేక్ పట్టడానికి కొంచెం ముందే లైటు వచ్చేలా పెట్టుకో.

ఇంకా రాకపోతే తాళం ఆన్ చేసి స్విచ్చి కనెక్టర్‌లో రెండు వైర్లని ఒక వైరు ముక్కతో కలుపు, లైటు వస్తే స్విచ్చి పోయింది, రాకపోతే బల్బు గానీ వైరు గానీ. హ్యాండిల్ లివర్‌కి కూడా స్విచ్చి ఉంటే అది పట్టి చూసినా ఈ సంగతి తెలిసిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ముఖ్యంగా కార్ల పని తెలిసినవాళ్లకి: హీరో హోండా బళ్లలో ఆకుపచ్చ వైరు ఎర్త్, నలుపు తాళం తిప్పగానే వచ్చే లైవ్, ఆకుపచ్చ మీద పసుపు గీత ఉన్నది బ్రేక్ లైటుకి పోయేది. నలుపంటే ఎర్త్ అనుకుని బాడీకి కలిపితే వెంటనే ఫ్యూజు పోతుంది. ఇంకొకటి, ఆ కాలం స్ప్లెండర్లలో హెడ్‌లైటూ టెయిల్ లైటూ ఇంజను తిరిగితే మాగ్నెట్ నుంచి వెలుగుతాయి, బ్రేక్ లైటు మాత్రం బ్యాటరీ మీద ఆధారపడుతుంది, కాబట్టి టెయిల్ బాగుండి బ్రేకు, హారన్, ఇండికేటర్లు మూడూ నీరసంగా ఉంటే చూడాల్సింది బ్యాటరీనే.

ప్రశ్న: మా ఇంట్లో పాత అంబాసిడర్ ఉంది. బ్రేక్ మెల్లగా తొక్కితే లైటు రాదు, గట్టిగా తొక్కితేనే వస్తోంది. పెడల్ దగ్గర స్విచ్చి కోసం వెతికితే ఏదీ కనపడలేదు. – ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: కనపడదండి, పాత అంబాసిడర్లలో స్విచ్చి పెడల్ దగ్గర ఉండదు, బ్రేక్ ఆయిలు లైనులో ఉంటుంది, రెండు వైర్లు తగిలించిన చిన్న ఇత్తడి స్క్రూలాంటిది. ఆయిలు ప్రెజర్ పెరిగితే లోపల పొర కదిలి కాంటాక్టు కలుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కాంటాక్టు కాలి నల్లబడుతుంది, అందుకే ఎక్కువ ప్రెజర్ ఇస్తే తప్ప కలవట్లేదు. దీన్ని బాగుచెయ్యలేం, మార్చాల్సిందే, కానీ ఇది లైటు పని కదా అని ఇంట్లో విప్పకండి, విప్పితే లైనులోకి గాలి వెళ్తుంది, గాలి వెళ్తే బ్రేక్ మెత్తబడుతుంది, కాబట్టి మార్చాక బ్లీడింగ్, అంటే లైనులో గాలి తీసెయ్యడం, తప్పకుండా చేయించాలి. స్విచ్చి టెర్మినళ్ల దగ్గర తడిగా ఉందేమో ఇవాళే చూడండి, తడి ఉంటే ఆయిలు కారుతున్నట్టే, అప్పుడిది లైటు సమస్య కాదు బ్రేకు సమస్య, బండి బయటికి తియ్యొద్దు. కొత్త స్విచ్చి వేయించేటప్పుడే ఒక చిన్న రిలే పెట్టించండి, బల్బుల కరెంటు రిలే మోస్తుంది, స్విచ్చి మీద భారం తగ్గి ఎక్కువ కాలం వస్తుంది.

ప్రశ్న: బ్రేక్ నొక్కగానే 15 ఆంపియర్ల ఫ్యూజు పోతోంది. 30 వేస్తే ఆగుతుందా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఫ్యూజు ఆగుతుంది, వైరు కాలుతుంది. దయచేసి వెయ్యకండి, సిగరెట్ రేకు చుట్టడం కూడా వద్దు. రెండు బల్బులూ తీసేసి కొత్త 15 ఫ్యూజు పెట్టి బ్రేక్ నొక్కండి, పోకపోతే తప్పు బల్బులోనో హోల్డరులోనో ఉంది, ఒక్కొక్కటే పెట్టి చూసుకోండి. అప్పటికీ పోతోందంటే వైరు ఎక్కడో ఒలిచి బాడీకి తగులుతోంది, రివర్స్ కెమెరా, స్పీకర్లు వేసినప్పుడు వైరు గిల్లి కలిపిన చోట్లు, డిక్కీ తలుపు మడత దగ్గర వైర్లు వంగే చోటు, మొదట అవే వెతకండి.

ప్రశ్న: పాత కారులో ఫిలమెంటు బల్బు తీసి ఎల్‌ఈడీ వెయ్యొచ్చా? నేను వేస్తే బ్రేక్ తొక్కకపోయినా సన్నగా వెలుగుతోంది. – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఎల్‌ఈడీకి ఒక మంచి గుణం ఉంది, ఫిలమెంటు వేడెక్కి పూర్తిగా వెలగడానికి సుమారు 0.2 సెకను పడుతుంది, ఎల్‌ఈడీ అదే క్షణంలో వెలుగుతుంది. 60 కిలోమీటర్ల స్పీడులో ఆ 0.2 సెకనులో బండి మూడు మీటర్ల పైన వెళ్తుంది, అంత దూరం వెనకవాడికి కలిసొస్తుంది. కానీ పాత లాంపు లోపలి అద్దం ఫిలమెంటు ఉన్న చోటుని బట్టి తయారైంది, చవక ఎల్‌ఈడీ వేస్తే నేరుగా వెనక నుంచి బాగా కనపడి కాస్త పక్క నుంచి చూస్తే మసకగా ఉంటుంది. ఎర్ర లెన్సు వెనక తెల్ల ఎల్‌ఈడీ పెడితే రంగు పాలిపోయి గులాబీగా కనపడుతుంది, వెయ్యాలంటే ఎర్రదే వెయ్యండి. మీకు సన్నగా వెలగడానికి కారణం ఎక్కడో కొద్దిగా కరెంటు లీకవ్వడం, అది ఫిలమెంటుని వెలిగించలేదు గానీ ఎల్‌ఈడీకి సరిపోతుంది. పైన తెనాలి ఆయనకి చెప్పిన ఎర్త్ పరీక్ష మీరూ చెయ్యండి, ముందు అది బాగుచేసుకుని తర్వాత ఏ బల్బు వెయ్యాలో ఆలోచించండి. నన్నడిగితే మంచి కంపెనీ 21/5 ఫిలమెంటు బల్బే చాలు. టపటపా కొట్టుకునే బ్రేక్ లైట్లు మాత్రం అస్సలు వద్దు, వెనకవాడు ఇండికేటర్ అనుకుని తికమకపడతాడు.

ప్రశ్న: బండికి పదిహేనేళ్లు నిండుతున్నాయి, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి తీసుకెళ్లాలి. లైట్ల విషయంలో ఏం చూసుకోవాలి? ఇంట్లో నేనొక్కడినే ఉంటాను, బ్రేక్ లైటు ఎలా చూసుకోవడం? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: సొంత కార్లకి మొదట 15 ఏళ్లు, తర్వాత ప్రతి 5 ఏళ్లకీ రెన్యువల్, ప్రతిసారీ బండి చూపించాలి. వెనక రెండు బ్రేక్ లైట్లు ఒకే వెలుతురులో ఉండాలి, లెన్సులు పగలకుండా ఉండాలి, నంబర్ ప్లేట్ లైటు చాలామంది మర్చిపోతారు, అదీ వెలగాలి. ఒక్కరే అయితే చీకటి పడ్డాక బండి వెనక భాగాన్ని గోడకి దగ్గరగా ఆపి, బ్రేక్ నొక్కి అద్దాల్లో చూడండి, గోడ మీద రెండు పక్కలా ఎరుపు సమానంగా పడాలి. పగలైతే ఫోన్‌ని వెనక ఒక ఇటుకకి ఆనించి వీడియో పెట్టి, వచ్చి కూర్చుని ముందు బ్రేక్ ఒక్కటి, తర్వాత పార్కింగ్ వేసి బ్రేక్, తర్వాత కుడి ఇండికేటరుతో బ్రేక్, ఎడమ ఇండికేటరుతో బ్రేక్, ఇలా ఒక్కోటీ కాసేపు నొక్కి పట్టండి. విడివిడిగా చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి, ఎర్త్ తేడా కలిపి వేసినప్పుడే బయటపడుతుంది.